గండికోటలో ఆకాశానికి దణ్ణం పెట్టాను, తెల్లారేసరికి రోడ్డు మీద మనిషిని వదిలేసి వచ్చాను

పెన్నాగట్టు:
డిసెంబర్లో నలుగురం గండికోట వెళ్లాం. అమావాస్య దగ్గర్లో, పెన్నా లోయ అంచున టెంట్లు వేసుకున్నాం. ఫ్రెండ్ ఒకడు ఆండ్రోమెడా గెలాక్సీని చూపించాడు, మామూలు కంటికి ఊదితే చెదిరిపోయే పొగమచ్చలా ఉంది. ఆ వెలుగు బయల్దేరి 25 లక్షల ఏళ్లయిందట, అప్పటికి మన మనిషి జాతే పుట్టలేదు. చిన్నప్పటి నుంచి గుళ్లకు వెళ్తున్నా గానీ చేతులు వాటంతటవే జోడించుకున్నది ఆ రాత్రే.

తెల్లవారుతుండగా బయల్దేరాం. జమ్మలమడుగు దాటాక రోడ్డు పక్కన బైక్ పడి ఉంది, వెనక చక్రం ఇంకా తిరుగుతోంది. ఒక మనిషి పక్కకి ఒరిగి పడి ఉన్నాడు, ఒక చెప్పు రోడ్డు మధ్యలో. చెయ్యి కదిలినట్టు అనిపించింది. కారు నడిపేవాడు "పోలీసు కేసవుద్దిరా, మనకెందుకు" అన్నాడు. నేను ఆపమనలేదు. నోటిదాకా వచ్చింది, అంతలో మలుపు తిరిగేశాం. ఫోన్ నా చేతిలోనే ఉంది, రాత్రి తీసిన నక్షత్రాల ఫొటోలు చూస్తున్నాను.

అప్పట్నుంచి సరిగ్గా నిద్ర లేదు. నాకు కలిగింది నిజమైన భక్తే అయితే తెల్లారేలోపు ఎక్కడికి పోయింది? ఇంత పెద్ద సృష్టిలో మనమెంత అనుకున్నందుకే ఆ మనిషి కూడా చిన్నగా కనిపించాడా?

రాత్రిడ్యూటీ:
108 అంబులెన్సులో ఈఎంటీగా, అంటే దారిలో అత్యవసర వైద్యం చేసే ఉద్యోగిగా చేస్తున్నాను. ముందు ఆ కేసు భయం వదిలేయండి. ప్రమాదంలో సాయపడినవాళ్లను కాపాడే మార్గదర్శకాలకు 2016లో సుప్రీంకోర్టు చట్టబలం ఇచ్చింది, 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఏ సెక్షన్ చేర్చారు. మంచి మనసుతో సాయం చేసినవాళ్లను కేసులోకి లాగరు, పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. ఆగడానికి భయమైతే కాస్త ముందుకెళ్లి 108కి ఫోన్ చేసి కిలోమీటరు రాయి మీద ఉన్న ఊరూ అంకే చెప్పండి, మాకు అదే సగం పని. ఆగితే మాత్రం నోట్లో నీళ్లు పోయకండి. మనవాళ్లందరూ ముందు చేసేది అదే, స్పృహ సరిగా లేకపోతే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మెడ కదపకుండా, రక్తం కారేచోట శుభ్రమైన గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టుకోవాలి.

అలా తువ్వాలు అదిమి కూర్చున్నవాళ్లను చాలామందిని చూశాను. మేం వచ్చి "ఇక వదలండి" అన్నా చెయ్యి తియ్యరు. పడినవాడెవరో వాళ్లకు తెలీదు. నాకు దణ్ణం పెట్టాలనిపించేది అక్కడే.

హరికథాభిమాని:
బాబూ, నీ భక్తి అబద్ధం అనుకోకు. భాగవతంలో రంతిదేవుడనే రాజు 48 రోజులు పస్తుండి, ఆఖరికి మిగిలిన గుక్కెడు నీళ్లు కూడా దాహమని వచ్చినవాడికి పోసేశాడు. ఆయన మోక్షం కోరలేదు, అష్టసిద్ధులు కోరలేదు, అందరి లోపలా ఉండి వాళ్ల బాధ తాను పడాలని కోరాడు. చిన్నప్పుడు హరికథలో ఆ ఘట్టం వింటుంటే మా అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకునేది. నీకు నిద్ర పట్టడం లేదంటే ఆ మనిషి నీకు చిన్నగా కనిపించలేదు.

సూటిగా:
నేను ఒప్పుకోను. నక్షత్రాలనీ భక్తినీ ఇందులోకి లాగొద్దు. కారులో నలుగురున్నారు, ఎవరికి వారు పక్కవాడు ఆపమంటాడులే అనుకున్నారు, ఒక్కరే వెళ్తుంటే ఆగేవారేమో. మీకు నిద్ర పట్టకపోతే ఆయనకేం ఒరిగింది? అసలు బతికాడో లేదో కనుక్కున్నారా?

పెన్నాగట్టు:
కనుక్కోలేదు. ఆ మాట చదివి సిగ్గుతో ఆదివారం వెళ్లాను. మలుపు దగ్గర టీ బంకాయన చెప్పాడు, మా వెనకే వచ్చిన పాల వ్యాన్ కుర్రాడు ఆపి ఆస్పత్రికి తీసుకెళ్లాడట. కాలు విరిగింది, ప్రాణానికి ఫర్వాలేదు. ఇల్లు కనుక్కుని వెళ్లాను. కాలికి కట్టుతో మంచం మీద ఉన్నాడు, వాళ్లావిడ కుర్చీ వేసింది. ఆ రోజు మేం చూసి కూడా ఆగలేదని చెప్పేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "తెల్ల కారేనా?" అని అడిగాడు.

అవునన్నాను.