సమాధుల తోటలో గోడ తీయించాలంటే ఎలా?

మాది పల్నాడు వైపు ఊరు. తాతల కాలం నుంచీ క్యాథలిక్ రెడ్లం. గుడి అందరికీ ఒకటే. చనిపోయాక మాత్రం మాల, మాదిగ విశ్వాసులు గోడకు అవతల, వాన నీళ్లు నిలిచే మూలన. పోయిన నెల, గుడిలో ఏళ్ల తరబడి గంట కొట్టిన పెద్దాయన్నీ అక్కడే పెట్టారు. అదేంటని అడిగితే మా పెదనాన్న బైబిల్లో 1 కొరింథీ 7:20 తీశారు: పిలుపు వచ్చినప్పుడు ఎలా ఉన్నామో అలాగే ఉండాలట! మరి క్రీస్తులో అందరూ ఒక్కటే అనే గలతీ 3:28 సంగతేంటంటే, అది పరలోకంలోనట.

దళితుల సాధికారత కోసం బిషప్పుల సమాఖ్య 2016లోనే విధానం ప్రకటించింది. 2022లో పూల ఆంథోని గారు కార్డినల్ అయ్యారు, దళితుల్లో మొదటివారు. మా గోడకు ఆ కబురు అందినట్టు లేదు. విచారణ గురువులేమో (మా గుడి ఫాదర్) 'గొడవలొద్దు బాబూ' అంటున్నారు.

నేరుగా మేత్రాసనానికి (బిషప్ గారి కార్యాలయానికి) రాయనా? అవతలి వాళ్ల సంతకాలు కూడా తీసుకోవాలా? వాళ్లలో కొందరు మా పొలాల్లోనే పనిచేస్తారు, పని పోతుందేమోనని నాకు టెన్షన్. క్రైస్తవులకు ఎస్సీ హోదా లేదు కదా, అంటరానితనాన్ని నేరంగా చూసే 1955 పౌరహక్కుల రక్షణ చట్టం ఇక్కడ పనికొస్తుందా? మీ ఊళ్లో ఇలాంటి గోడ తీయించినవాళ్లుంటే, ముందు ఎవరితో మాట్లాడారో చెప్పండి.