కొండ అడవుల దీర్ఘకాలిక పరిశీలన: ఒకే చోట చేయాలా, పలుచోట్ల చేయాలా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

అందరికీ నమస్కారం. ఒడిశాలోని గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో పనిచేస్తున్న తెలుగు ఉపాధ్యాయులం కొందరం కలిసి, మా ఊళ్ళ పక్కనున్న అడవుల్లో చెట్లను ఏళ్ళ తరబడి గమనించే పని మొదలుపెట్టాలని అనుకుంటున్నాము. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా వైపు కొండవాలుల్లో చెట్లు విపరీతంగా కూలిపోయాయి. అంతకుముందు మా కొండ మీద ఏ జాతి చెట్లు ఎన్ని ఉండేవో, ఎంత లావున ఉండేవో రాసిపెట్టినవారు లేరు. అందువల్ల ఇప్పుడు పెరుగుతున్న అడవి పాతదాని వంటిదేనా, వేరొకటా అని పిల్లలు అడిగితే జవాబు చెప్పలేకపోతున్నాము.

ఉన్న కొద్దిమందిమీ ఒకేచోట పెద్ద స్థలాన్ని ఎంచుకోవడం మేలా, లేక పర్లాకిమిడి, గుణుపురం, జయపురం దగ్గర తలా ఒక చిన్న స్థలం పెట్టుకోవడం మేలా? ఎన్నేళ్ళు చేస్తే దీనికి ఫలితం కనబడుతుంది? అనుభవమున్నవారు చెప్పగలరు.

అడవిబాట (బరంపురం):

మీరు అడిగినవి రెండు వేర్వేరు ప్రశ్నలకు సంబంధించిన పద్ధతులు. ఒక అడవి లోపల చెట్లు ఎలా పుడుతున్నాయి, ఎలా చస్తున్నాయి అన్నది తెలియాలంటే ఒకే చోట పెద్ద స్థలం కావాలి. తమిళనాడులోని ముదుమలై అడవిలో భారతీయ విజ్ఞాన సంస్థ వారు 1988లో 50 హెక్టార్ల స్థలాన్ని గుర్తించి, ఒక సెంటీమీటరు మందం దాటిన ప్రతి కాండానికీ నంబరు బిళ్ళ కట్టి, పటంలో చోటు గుర్తించారు. అలా పాతికవేల పైచిలుకు చెట్లు లెక్కకు వచ్చాయి. అప్పటినుంచి మళ్ళీ మళ్ళీ అవే చెట్ల దగ్గరకు వెళుతుండడం వల్లనే, ఏ చెట్టు కార్చిచ్చుకు పోయింది, ఏది ఏనుగుల వల్ల విరిగింది అన్నది విడదీసి చెప్పగలుగుతున్నారు.

కానీ ఒక్కచోట కనిపించిన మార్పు ఆ కొండకే పరిమితమా, ప్రాంతమంతటిదా అన్నది ఆ ఒక్క స్థలం ఎన్నటికీ చెప్పలేదు. పర్లాకిమిడి దగ్గర ఏదో ఒక సంవత్సరం ఇప్ప ముందుగా పూసిందనుకోండి, దానికి అక్కడి నేల కారణం కావచ్చు, వాన కారణం కావచ్చు. అదే సంవత్సరం మైదానానికి దగ్గరగా ఉన్న గుణుపురంలోనూ, ఎత్తైన కొరాపుట్ పీఠభూమి మీదా ముందుగానే పూస్తే, కారణాన్ని ఆ ఒక్క కొండలో వెతకనవసరం ఉండదు. అమెరికాలో 1980లో ఆరు కేంద్రాలతో మొదలైన దీర్ఘకాలిక పర్యావరణ పరిశోధన వ్యవస్థకూ, మన కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రకటించిన దీర్ఘకాలిక పరిశీలన కేంద్రాలకూ ఆధారమైన ఆలోచన ఇదే. మీ శక్తికి మూడు చిన్న స్థలాలే తగినవని నా అభిప్రాయం. అయితే మూడింటిలోనూ పద్ధతి అక్షరాలా ఒకటే ఉండాలి. లేకుంటే మూడు స్థలాలున్నా ఒకదానితో ఒకటి పోల్చలేరు.

ఎన్నేళ్ళు అన్న ప్రశ్నకు ఒక ఉదాహరణ చెబుతాను. అమెరికాలోని హబ్బర్డ్ బ్రూక్ అడవిలో 1963 నుంచి వాన నీటిని వారం వారం పరీక్షిస్తూ వచ్చారు. ఆ వానలో ఆమ్లం ఎక్కువగా ఉందని త్వరలోనే తెలిసింది. కానీ అది నిజంగా తగ్గుతోందని గట్టిగా చెప్పడానికి వారికి దాదాపు రెండు దశాబ్దాల లెక్కలు అవసరమయ్యాయి. ఏటికేడు వచ్చే హెచ్చుతగ్గుల్లో అసలు ధోరణి అంతగా కప్పబడిపోతుంది. కనుక ఐదేళ్ళలో ఏమీ తేలలేదని ఆపివేయవద్దు.

గుగ్గిలంవనం (జయపురం):

బరంపురం మిత్రులు చెప్పినదానితో ఏకీభవిస్తూ, మా వైపు అనుభవం ఒకటి చేరుస్తున్నాను. ఇప్పపూలు మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారుజామున రాలుతాయి. ఏరుకోవడానికి నేల కనబడాలని చెట్టు కింద ఎండుటాకులను కాల్చే అలవాటు చాలా ఊళ్ళలో ఉంది. ఆ మంటకు ముసలి చెట్టుకు పెద్దగా ఏమీ కాదు, కింద మొలిచిన మొక్కలు మాత్రం మాడిపోతాయి. పైనున్న చెట్లను మాత్రమే కొలిచేవారికి ఏళ్ళ తరబడి ఇప్ప అడవి క్షేమంగా ఉన్నట్లే కనబడుతుంది గానీ, ఆ ముసలి చెట్ల స్థానాన్ని తీసుకునే పిల్లచెట్టు ఒక్కటీ ఉండకపోవచ్చు. కాబట్టి దయచేసి మొలకలనూ పిల్లచెట్లనూ విడిగా లెక్కించండి, ఏ సంవత్సరం ఎక్కడ నిప్పు పడిందో తప్పక రాయండి. పూలు ఏరే అమ్మలను అడిగితే మీకంటే ముందే వాళ్ళు చెబుతారు. వాళ్ళ జీవనాధారం అది, వాళ్ళను తప్పుపట్టేలా ఈ పని జరగకూడదు. స్థలం గుర్తించే ముందు గ్రామసభలో చెప్పి, అది రిజర్వు అడవి అయితే అటవీశాఖ అనుమతి తీసుకోండి.

మహేంద్రతనయ (పర్లాకిమిడి):

ఇద్దరికీ కృతజ్ఞతలు. మొలకల సంగతి మాకు తట్టలేదు. ఒక్క సందేహం మిగిలింది. ఉపాధ్యాయులకు బదిలీలు అవుతుంటాయి, పిల్లలు చదువు ముగించి వెళ్ళిపోతారు. ఏటా కొలిచే చేతులు మారుతుంటే కొలతలు నమ్మదగినవిగా ఉంటాయా?

అడవిబాట (బరంపురం):

ఉంటాయి మాస్టారూ, కొలిచే చోటు మారకుండా ఉంటే. నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున కాండం చుట్టూ సన్నని రంగు గీత గీయండి. వాలులో ఉన్న చెట్టుకు ఎగువ వైపు నేల నుంచే ఆ ఎత్తు తీసుకోండి. మరుసటి ఏడు ఎవరు వచ్చినా టేపు ఆ గీత మీదే పడాలి. బట్ట టేపు సాగిపోతుంది కనుక ఉక్కు టేపు వాడండి. వానలకు బెరడు ఉబ్బుతుంది, ఎండలకు బిగుస్తుంది, అందుచేత మూడు ఊళ్ళవారూ ఒకే నెలలో కొలవండి. ప్రతి ఏడూ పదో వంతు చెట్లను మరొకరి చేత, మొదటి కొలత చూపకుండా, మళ్ళీ కొలిపించండి. ఆ రెండింటి మధ్య తేడాయే మీ పనిలో పొరపాటు ఎంతో చెబుతుంది. ఆ తేడాను కూడా అదే పుస్తకంలో రాయండి. పుస్తకం ఒక ప్రతి బడిలోనూ, రెండోది వేరే ఊళ్ళోనూ ఉంచండి. ఎప్పుడైనా పద్ధతి మార్చవలసి వస్తే, ఒక సంవత్సరం పాతదీ కొత్తదీ రెండూ కలిపి చేసి, తరువాతే పాతదాన్ని వదలండి.