ఓఆర్‌ఆర్ (హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు) మీద లారీకి గంటకు 120 కి.మీ. వేగం వర్తిస్తుందా?

పటాన్‌చెరు నుంచి శంషాబాద్‌కు పది టైర్ల లారీ, ఒక ఆయిల్ ట్యాంకర్ నడుస్తాయి. 120 బోర్డు మనకూ వర్తిస్తుందా అన్నా?

— లేదు తమ్ముడూ. అది కుడివైపు 1, 2 లేన్లలో కార్లకు. లారీ 3, 4 లేన్లలోనే, 80 లోపే. 2018 కేంద్ర నోటిఫికేషన్‌లో సరుకు బండికి మునిసిపల్ రోడ్ల మీద 60. బోర్డు మీద ఇంకా తక్కువుంటే అదే లెక్క.

— ట్యాంకర్ సంగతి వేరండీ. స్పీడ్ గవర్నర్ (వేగం హద్దు దాటకుండా ఆపే పరికరం) 60కే సెట్ అయి ఉండాలి, డంపర్‌కూ అంతే. సీలు తెంపనివ్వకండి, ఫిట్‌నెస్ పరీక్ష దగ్గర బండి ఆగిపోతుంది. ఇంకోటి, చాలామంది పట్టించుకోనిది: పెద్ద సైజు టైర్లు వేస్తే మీటర్ తక్కువ చూపిస్తుంది, బండి అసలు వేగం ఎక్కువుంటుంది. జీపీఎస్‌తో సరిచూసుకోండి.

— అతివేగంతో దొరికితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 183: భారీ బండికి జరిమానా 2,000 నుంచి 4,000 రూపాయలు. రెండోసారైతే లైసెన్సే తీసుకుంటారు.