నడిచే ప్రోగ్రామ్‌కి కూడా వార్నింగ్: బిల్డ్ ఆపాలా, వద్దా?

కొత్తబ్రాకెట్టు:
కామన్ లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాష ఈమధ్యే మొదలుపెట్టాను. దాని కంపైలర్ ఎస్‌బీసీఎల్ ప్రాంప్ట్ దగ్గర (సెట్‌క్యూ మొత్తం 0) అని కొడితే ‘అన్‌డిఫైన్డ్ వేరియబుల్’ అని వార్నింగ్ ఇస్తుంది, ఆ కిందే 0 అని జవాబూ ఇస్తుంది. పని అయిపోతుంటే ఈ గోల దేనికి? మా టీమ్‌లో ఒకాయన వార్నింగ్ ఒక్కటున్నా బిల్డ్ (కోడంతా కంపైల్ చేసి ప్రోగ్రామ్ తయారుచేయడం) ఆపేయాలంటున్నారు. అంత అవసరమా?

పాతకాపు:
అక్కర్లేదండీ. సెట్‌క్యూ ఉన్న వేరియబుల్‌కి విలువ ఇస్తుందే తప్ప కొత్తది పుట్టించదు. ఎస్‌బీసీఎల్ దాన్ని స్పెషల్ (ఏ ఫంక్షన్‌కైనా కనిపించే గ్లోబల్ వేరియబుల్) అనుకుని ముందుకు పోతుంది. ప్రాంప్ట్ దగ్గర ఆడుకునేటప్పుడు వదిలేయండి, ఫైల్లో మాత్రం డెఫ్‌వారో డెఫ్‌పారామీటరో రాసి వేరియబుల్‌ని ముందే ప్రకటించండి.

గళ్ళనుడికట్టు:
ఫైల్లోనే కదా ప్రమాదం! లెట్‌తో ‘మొత్తం’ అనే లోకల్ వేరియబుల్‌ని 0తో పెట్టుకుని, లూప్‌లో (సెట్‌క్యూ మొతం (+ మొత్తం అంకె)) అని ఒక ఒత్తు మింగేశారనుకోండి. (ఎస్‌బీసీఎల్ తెలుగు పేర్లు కూడా తీసుకుంటుంది లెండి.) ఎర్రర్ రాదు. విలువలు ‘మొతం’ అనే గ్లోబల్‌లోకి పోతాయి, ఫంక్షన్ సున్నా తిరిగిస్తుంది. పట్టించేది ఆ వార్నింగ్ ఒక్కటే. అందుకే ఇది స్టైల్ వార్నింగ్ (తక్కువ స్థాయి హెచ్చరిక) కాదు, అసలు వార్నింగ్. కంపైల్-ఫైల్ తిరిగిచ్చే మూడో విలువ (ఫెయిలైందా అని చెప్పేది) ట్రూ అవుతుంది, ఎస్‌బీసీఎల్ మీద ఏఎస్‌డీఎఫ్ అనే బిల్డ్ టూల్ మామూలుగానే బిల్డ్ ఆపేస్తుంది.

పాతకాపు:
దానికి నేనేమీ అడ్డు చెప్పను. స్టైల్ వార్నింగులకీ ఆపుతామంటేనే చిరాకు. మల్టిపుల్-వాల్యూ-బైండ్‌తో (ఫ్లోర్ 17 5) నుంచి భాగఫలం, శేషం తీసుకుని శేషమే వాడితే ‘భాగఫలం వాడలేదు’ అంటుంది. బిల్డ్ ఆగితే జనం చూడకుండా డిక్లేర్ ఇగ్నోర్ (‘ఇది కావాలనే వాడలేదు’ అని కంపైలర్‌కి చెప్పేది) తగిలించేస్తారు.

గళ్ళనుడికట్టు:
అక్కడ శేషం ఒక్కటే ఇచ్చే మోడ్ వాడితే గొడవే లేదు. కానీ ఇది చూడండి. ఫైల్ పైభాగంలో (లెట్ ((*లోతు* 5)) (చెట్టు-చూపు)), *లోతు*కి డెఫ్‌వార్ ఏమో ఫైల్ చివర్లో. కంపైలర్ లెట్ దగ్గరికి వచ్చేసరికి అది స్పెషల్ అని తెలియదు కాబట్టి లెక్సికల్ బైండింగ్ (ఆ లెట్ లోపల రాసిన కోడ్‌కే కనిపించేది) చేస్తుంది. *లోతు*ని చదివే చెట్టు-చూపుకి ఆ 5 అందదు. మీకు కనిపించేవి స్టైల్ వార్నింగులే, వాటిలో ఒకటి ‘*లోతు* వాడలేదు’ అని! దానికి ఇగ్నోర్ తగిలిస్తే బగ్‌ని చాలావరకు కప్పేసినట్టే. పైగా అదే ఇమేజ్‌లో (నడుస్తున్న లిస్ప్ సెషన్‌లో) రెండోసారి కంపైల్ చేస్తే *లోతు* అప్పటికే స్పెషల్ కాబట్టి వార్నింగూ ఉండదు, బగ్గూ ఉండదు. మీ మెషీన్‌లో బాగానే ఉంటుంది, సర్వర్ మీద ఫ్రెష్ బిల్డ్‌లో తేడా కొడుతుంది.

పాతకాపు:
మంచి ఉదాహరణే, కానీ నా మాటకే బలం. బిల్డ్ ఆపితే ఆ ఇగ్నోర్ ఇంకా తొందరగా పడుతుంది. రివ్యూలో ప్రతి ఇగ్నోర్‌కీ కారణం అడగండి, బిల్డ్ జోలికి పోకండి.

కొత్తబ్రాకెట్టు:
మా ఫైల్లో డెఫ్‌వార్‌లన్నీ అడుగునే ఉన్నాయండీ. ముందు వాటిని పైకి జరిపి, కొత్త ఇమేజ్‌లో కంపైల్ చేసి చూస్తా.