63వ నిమిషంలో లైట్లు పోయాయి, ఆ గ్రౌండ్ లెక్కలోకి వస్తుందా?

టచ్‌లైన్ పక్కన

ఇంగ్లండ్ వచ్చి నాలుగేళ్లయింది. మొదట్లో ఫుట్‌బాల్ అంటే టీవీలో ప్రీమియర్ లీగ్ చూడటమే. టికెట్ కొందామంటే ముందు మెంబర్‌షిప్, ఆ తర్వాత లాటరీ, అప్పటికీ దొరికితే ఆ రేటు చూసి గుండె ఆగేది, అందుకని మానేశాను. పోయిన ఆగస్టులో ఆఫీసులో ఒక పెద్దాయన "శనివారం ఖాళీయేనా, ఎఫ్ఏ కప్ మ్యాచ్‌కి వెళ్దాం" అన్నాడు. ఎఫ్ఏ కప్ అనగానే నేనేదో ఊహించుకుని కొత్త జాకెట్ వేసుకుని మరీ వెళ్లా. తీరా చూస్తే అది ఎక్స్‌ట్రా ప్రిలిమినరీ రౌండు, అంటే ఆ కప్‌లో చిన్న క్లబ్బులు ఆడే మొట్టమొదటి అంచె. పార్కు చివర, చెట్ల వెనకాల గ్రౌండు, జనం అంతా కలిపి నూట యాభై ఉంటారేమో. గోల్‌కీపర్ తన డిఫెండర్లని తిట్టే తిట్లన్నీ పొల్లుపోకుండా వినిపిస్తున్నాయి. బంతి మా తలల మీదుగా వెళ్లి కార్ల మధ్య పడితే నేనే పరిగెత్తి తెచ్చిచ్చా, వింగర్ "చీర్స్ మేట్" అన్నాడు. అంతే, అక్కడ పట్టుకుంది పిచ్చి.

ఒక్కో కొత్త గ్రౌండ్‌లో మ్యాచ్ చూసి లెక్కేసుకోవడమే ఇప్పుడు నా హాబీ. ఇప్పటికి 11 గ్రౌండ్లు అయ్యాయి, ఎక్సెల్ షీట్ కూడా పెట్టా. మా ఆవిడ "ఇన్ని గుళ్లు తిరిగినా కాస్త పుణ్యం వచ్చేది" అంటోంది.

అసలు సంగతి. పోయిన మంగళవారం స్టెప్ 6 అనే బాగా కిందిస్థాయి లీగ్ మ్యాచ్ ఒకటి చూడ్డానికి వెళ్లా. 1-1 మీద మంచి ఊపులో ఉండగా 63వ నిమిషంలో ఫ్లడ్‌లైట్లు ఆరిపోయాయి. ఒకాయన టార్చి పట్టుకుని షెడ్డులోకి వెళ్లాడు, వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. అరగంట చూసి రెఫరీ మ్యాచ్ రద్దు చేసేశాడు. టికెట్ కొన్నా, ప్రోగ్రాం (ఆ మ్యాచ్ కోసం వేసే చిన్న పుస్తకం) కొన్నా, చీకట్లో నిలబడి చిప్స్ కూడా తిన్నా. మరి 12వ గ్రౌండ్‌గా రాసుకోవచ్చా లేదా? అలాగే చలికాలంలో వెళ్లినచోటల్లా మ్యాచ్ వాయిదా పడకుండా మీరేం చేస్తారు, తప్పకుండా చూడాల్సిన గ్రౌండ్లు ఏవో కూడా చెప్పండి.

కాగితం ప్రోగ్రాం

రాదు. రద్దయిన లీగ్ మ్యాచ్‌ని మామూలుగా మళ్లీ సున్నా నుంచి ఆడిస్తారు, ఆ 1-1 ఎక్కడా మిగలదు. లేని మ్యాచ్‌కి గ్రౌండ్ ఎలా లెక్కేస్తావు? 90 నిమిషాలు, పోటీ మ్యాచ్, మొదటి విజిల్‌కి ముందే లోపల ఉండాలి. ఇవి మూడూ లేకపోతే టిక్ లేదు.

హాఫ్‌టైమ్ టీ

పై అన్న మాట పట్టించుకుని బెంగపడకు తమ్ముడూ, ఆయన రూల్స్ ఆయనవి. ఈ హాబీకి అధికారి అంటూ ఎవరూ లేరు. ప్రీమియర్ లీగ్, దాని కింద మూడు డివిజన్ల ఈఎఫ్ఎల్ కలిపి 92 గ్రౌండ్లూ చూసినవాళ్లకి 1978 నుంచి "92 క్లబ్" అని ఒకటుంది, దానికైతే సభ్యత్వం, లెక్కాపత్రం ఉన్నాయి. మనం తిరిగేది దానికి కింద. నేషనల్ లీగ్ అంటే స్టెప్ 1, అక్కడి నుంచి మెట్లు దిగుతూ పోతే స్టెప్ 6, దానికీ కింద జిల్లా లీగులు, ఇంకా కింద తాడు కట్టిన పార్కు పిచ్‌లు. ఎక్కడ ఆపాలో కూడా ఎవరూ చెప్పరు. నాకు తెలిసిన ఒకాయన 0-0 అయితే లెక్కలోకి తీసుకోడు, గోల్ పడేదాకా అదే గ్రౌండ్‌కి మళ్లీ మళ్లీ వెళ్తాడు. ఇంకొకాయన మ్యాచ్ బంతిని ఒక్కసారైనా తాకితేనే టిక్ అంటాడు, అందుకే ఎప్పుడూ గోల్ వెనకాలే నిలబడతాడు. వెర్రి వేయి విధాలు అని ఊరికే అన్నారా!

నా వరకు హాఫ్‌టైమ్ దాటితే వచ్చినట్టే. కానీ నీ విషయంలో ఒక మాట చెప్తా, ఆ మ్యాచ్ మళ్లీ పెట్టినప్పుడు వెళ్లు. టిక్ కోసం కాదు. ఇలాంటి క్లబ్బులో గేటు దగ్గర కూర్చునేది, టీ పోసేది, మ్యాచ్ అయ్యాక వలలు విప్పేది అంతా ఊరికే చేసేవాళ్లే, ఆ రాత్రి వాళ్ల ముఖాలు చూసే ఉంటావు. స్టెప్ 5, 6ల్లో మామూలుగా టికెట్ పది పౌండ్ల లోపే, నువ్వొక్కడివి వెళ్లినా వాళ్లకి లెక్కలో కనిపిస్తుంది.

ఇంకోటి, నాన్-లీగ్‌లో, అంటే ఆ 92 క్లబ్బులకి కింద, మామూలుగా రెండు జట్ల వాళ్లనీ విడదీసే కంచెలుండవు, హాఫ్‌టైమ్‌లో అందరూ లేచి తమ జట్టు కొట్టే గోల్ వైపుకి నడిచి వెళ్తారు. ఎదురెదురుగా వస్తూ పలకరించుకుంటారు. స్టెప్ 2 నుంచి కిందైతే మామూలు లీగ్ మ్యాచ్‌లో చేతిలో గ్లాసు పట్టుకుని రెయిలింగ్ దగ్గర నిలబడి చూడొచ్చు, పైస్థాయుల్లో 1985 చట్టం వల్ల పిచ్ కనిపించే చోట తాగడానికి లేదు. నేను తాగేది టీ అనుకో. పాలిస్టైరిన్ కప్పులో, చేతులు కాలుతూ ఉంటే, అదో సుఖం.

ఏటవాలు పిచ్

చూడాల్సినవి అడిగావు కాబట్టి: ముందు షెఫీల్డ్ వెళ్లు, మిగతావి తర్వాత.

శాండీగేట్ రోడ్. హాలమ్ ఎఫ్‌సీ గ్రౌండు. ప్రపంచంలో అన్నిటికన్నా పాత ఫుట్‌బాల్ గ్రౌండ్‌గా గిన్నిస్ గుర్తించింది దీన్నే, 1860 డిసెంబర్ 26న హాలమ్, షెఫీల్డ్ క్లబ్బులు ఇక్కడ ఆడాయి. అంతకు ముందు నుంచీ క్రికెట్ ఆడేవాళ్లు. చరిత్ర పక్కన పెట్టు, నేను చెప్పేది ఆ ఏటవాలు గురించి. పైవైపు టచ్‌లైన్ దగ్గర నిలబడితే అవతలి వైపు ఆడేవాళ్లు ఓ మెట్టు కింద ఉన్నట్టు కనిపిస్తారు. నేను వెళ్లిన రోజు కిందివైపు లెఫ్ట్‌బ్యాక్ బంతిని పైకి కొట్టాడు, అది సగం దూరం పోయి ఆలోచించుకున్నట్టు ఆగి మెల్లగా వాడి దగ్గరికే దొర్లుకుంటూ వచ్చింది. నా పక్కనున్న ముసలాయన నవ్వలేదు కూడా, చిన్నప్పటి నుంచి చూస్తున్నాడు మరి.

షెఫీల్డ్ ఎఫ్‌సీ కూడా దగ్గరే. 1857లో పెట్టిన క్లబ్, ప్రపంచంలో మొదటిది. ఇప్పుడు ఆడేది షెఫీల్డ్‌లో కాదు, డ్రాన్‌ఫీల్డ్‌లో, ఒక పబ్ పక్కన. ప్రపంచంలో మొదటి క్లబ్‌కి సొంతూర్లో చోటు లేకపోవడం ఏమిటో, నాకెప్పటికీ మింగుడుపడదు.

లివర్‌పూల్ వైపు వెళ్తే క్రాస్‌బీలో మెరీన్ అనే క్లబ్ గ్రౌండు. ఒక పక్కంతా ఇళ్ల పెరళ్లే, బంతి కాస్త ఎత్తుగా పోయిందంటే ఎవరి కూరగాయల మడిలోనో పడుతుంది. 2021 జనవరిలో, ప్రీమియర్ లీగ్ నుంచి లెక్కేస్తే ఎనిమిదో అంచెలో ఉన్న వీళ్ల దగ్గరికి ఎఫ్ఏ కప్‌లో ప్రీమియర్ లీగ్ జట్టు టాటెన్‌హామ్ వచ్చింది, కోవిడ్ వల్ల లోపలికి ఎవర్నీ రానివ్వలేదు, పక్కిళ్లవాళ్లు మాత్రం గోడ మీంచి చూశారు. 5-0 ఓడారు. కానీ లోపలికి వెళ్లడానికి కాకుండా క్లబ్‌కి సాయంగా కొనే ఉత్తుత్తి టికెట్లు 30 వేలకు పైగా అమ్ముడయ్యాయి. దక్షిణాన లూయిస్‌లో డ్రిప్పింగ్ పాన్, పేరే సగం అందం, స్టేషన్ దిగి నడిచి వెళ్లిపోవచ్చు. చుట్టూ గడ్డి గట్లు, గిన్నె అడుగున ఆడుతున్నట్టుంటుంది.

వర్షం వల్ల వాయిదా

నా పేరు చూస్తే అర్థమై ఉంటుంది నేను దేని గురించి మాట్లాడతానో.

జనవరిలో రెండు రైళ్లు మారి, రెండున్నర గంటలు ప్రయాణం చేసి, మధ్యాహ్నం 1:40కి గేటు దగ్గరికి చేరా. తాళం. లోపల ఒకాయన బూటు మడమతో నేల మీద తన్ని చూపించాడు, టంగుమంది. రాయిలా గడ్డకట్టింది. మ్యాచ్ వాయిదా అని అప్పుడే పోస్ట్ పెడుతున్నార్ట. ఆయన పాపం నాలుగుసార్లు సారీ చెప్పాడు, నేనేమో ఆ లైట్ స్తంభాల ఫొటో తీసుకుని వెనక్కి వచ్చా. ఆ తర్వాత నేర్చుకున్నవి చెప్తా.

పొద్దున పిచ్ ఇన్‌స్పెక్షన్ ఉందేమో క్లబ్ సోషల్ మీడియాలో చూడకుండా ఇల్లు కదలకు. ఎప్పుడూ ఇంకో మ్యాచ్ దగ్గర్లోది చేతిలో ఉంచుకో, అది 3జీ పిచ్ మీద అయితే మరీ మంచిది, గడ్డి మీద నీళ్లు నిలిచిన రోజున కూడా ఆడేస్తారు. (ఆ ప్లాస్టిక్ గడ్డి నాకిష్టం లేదు, కానీ తడిసి ముద్దై ఇంటికి రావడం కన్నా నయం. ఈఎఫ్ఎల్‌లో దాన్ని ఒప్పుకోరు, అందుకే 2021లో సటన్ యునైటెడ్ పైకి వెళ్లినప్పుడు ఉన్నదంతా పీకేసి మామూలు గడ్డి వేయాల్సి వచ్చింది.) బాగా కిందిస్థాయిలో లైట్లు లేని గ్రౌండ్లుంటాయి, చలికాలంలో వాటిల్లో మ్యాచ్ మూడింటికి కాకుండా ముందే మొదలవుతుంది, మూడింటికి కదా అని తాపీగా వెళ్తే హాఫ్‌టైమ్‌కి చేరతావు. ఎఫ్ఏ (ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం) వాళ్ల ఫుల్-టైమ్ సైట్‌లో చిన్న లీగుల టైములు దొరుకుతాయి. చూసిన గ్రౌండ్లు రాసుకోడానికి ఫుట్‌బాలజీ యాప్ ఉంది, నీ ఎక్సెల్‌ని నేను తప్పు పట్టను గానీ.

ఇక చలి సంగతి. కోటు కాదు ముఖ్యం, పాదాలు. కాంక్రీటు మీద రెండు గంటలు కదలకుండా నిలబడితే చలి కింద నుంచి ఎక్కుతుంది. రెండు జతల సాక్సు.

బాబుతో వస్తా

నేనొకటి చేర్చనా. ఇక్కడ ఎవరూ అడగలేదు గానీ చాలామందికి మనసులో ఉంటుంది, నాకూ ఉండేది: మనలాంటి వాళ్లు ఎవరూ కనిపించని ఊళ్లో, అందరూ అందర్నీ ఎరిగిన చోట వెళ్లి నిలబడితే ఎలా ఉంటుందో అని. మొదటిసారి బాబుని తీసుకుని వెళ్లినప్పుడు కారులోంచి దిగడానికి పది నిమిషాలు పట్టింది నాకు. గేటు దగ్గరాయన అడిగిందల్లా "పిల్లాడికెన్నేళ్లు" అని. తొమ్మిది అంటే "అయితే వాడికి ఫ్రీ, నీకు మాత్రం కాదు" అన్నాడు. అంతే. ప్రతిచోటా అలాగే ఉందని చెప్పను, ఒకచోట ఇద్దరు తాగినవాళ్ల మాటలు నచ్చక అవతలి గోల్ వైపుకి మారిపోయాం. మిగిలినవన్నీ బాగానే గడిచాయి. టీ కొట్టులో ఆవిడైతే నన్ను చూడగానే "మళ్లీ వచ్చావా, మీవాడికి సాస్ ఎక్కువ కదా" అంటుంది. ఇరవై వేలమంది ఉన్న స్టేడియంలో అనరు కదా ఆ మాట.

మార్చిలో అంతర్జాతీయ మ్యాచ్‌ల విరామంలో నాన్-లీగ్ డే పెడుతున్నారు, 2010లో మొదలైంది. పెద్ద లీగులకి సెలవు కాబట్టి ఆ రోజు కొత్తవాళ్లు చాలామంది వస్తారు. సంకోచం ఉన్నవాళ్లు ఆ రోజుతో మొదలుపెట్టండి.

టచ్‌లైన్ పక్కన

అందరికీ థాంక్స్, మూడు వారాల తర్వాత మళ్లీ రాస్తున్నా. "హాఫ్‌టైమ్ టీ" అన్న చెప్పినట్టే మళ్లీ పెట్టిన మ్యాచ్‌కి వెళ్లా, మంగళవారమే. గేటు దగ్గరాయన గుర్తుపట్టి "పాత టికెట్ ఉందా" అన్నాడు, ఉంటే సగం రేటుకే పంపిస్తున్నారట. నేను పూర్తిగా ఇచ్చేశా. జనం డెబ్భై మంది కూడా లేరు, చినుకులు. 60 దాటిందో లేదో, మా వైపు నిలబడ్డవాళ్లలో ఒకరి తర్వాత ఒకరు ఆటని వదిలేసి లైట్ స్తంభాల వంక చూడటం మొదలుపెట్టారు. 63 అయింది. 64 అయింది. ఎవరో చప్పట్లు కొట్టారు, లైన్స్‌మన్ ఏమిటా అని వెనక్కి తిరిగి చూశాడు. మా వాళ్లు 0-4 ఓడిపోయారు. ("మా వాళ్లు" అని ఎప్పటి నుంచి అంటున్నానో నాకే తెలీదు.)

12వది రాసేసుకున్నా. రెండుసార్లు వెళ్లినా ఒక్కటే టిక్, అది నేనే పెట్టుకున్న రూలు. ప్రోగ్రాం కొత్తది వేయలేదు, పాతదాని మీదే కొత్త తేదీ రాసిన చీటీ అంటించి అమ్ముతున్నారు, అదీ కొన్నా.

కాగితం ప్రోగ్రాం

ఆగాగు. చీటీ లేని మొదటిది, లైట్లు పోయిన రోజుది, ఇంకా నీ దగ్గరుందా? తడవకుండా ఉందా? రద్దయిన మ్యాచ్‌ల ప్రోగ్రాంలు నేను విడిగా ఒక పెట్టెలో దాస్తా. అమ్మే ఉద్దేశముంటే రేటు చెప్పు.

టచ్‌లైన్ పక్కన

లేని మ్యాచ్‌కి ప్రోగ్రాం ఎక్కడ నుంచి వస్తుందన్నా?