పక్క పైన్ తోటలో పుట్టిన మంట మా పొలానికి వచ్చింది, నష్టం ఎవరిని అడగాలి?

గట్టుమీద_గుడిసె:
ఆస్ట్రేలియాలో, విక్టోరియా రాష్ట్రం గిప్స్‌ల్యాండ్ వైపు మాకు 20 ఎకరాలుంది. పక్కనే కంపెనీ పైన్ తోట. ఫిబ్రవరిలో అక్కడ చెట్లు కొట్టే మిషన్ దగ్గర లేచిన మంట గాలికి మా వైపు తిరిగింది. ఇల్లు దక్కింది. 900 మీటర్ల కంచె, పేర్చిపెట్టిన గడ్డి మొత్తం పోయాయి. ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకు కరిగి, మాడిన అట్టులా నేలకు అతుక్కుపోయింది. కంపెనీకి ఫోన్ చేస్తే కాంట్రాక్టర్‌ని అడగమంటారు, ఆయనేమో తన ఇన్సూరెన్స్ వాళ్లతో మాట్లాడుకోమంటాడు. ఈలోపు ఆవులు రోడ్డెక్కాయి. ఎవరికైనా ఇలా జరిగిందా?

వాగొడ్డు:
మాకు జరిగింది, న్యూ సౌత్ వేల్స్‌లో. మంట వాళ్ల తోటలో పుట్టింది కాబట్టి డబ్బు వాళ్లే కట్టాలని నేనూ ఎగిరాను. లాయర్ గారు కూర్చోబెట్టి చెప్పారు. పాత సూత్రం ప్రకారం అలాగే ఉండేదట. 1994లో బర్నీ పోర్ట్ కేసులో ఇక్కడి హైకోర్టు (ఆస్ట్రేలియాలో అన్నిటికన్నా పెద్ద కోర్టు అదే) దాన్ని తీసుకెళ్లి నిర్లక్ష్యం లెక్కలో కలిపేసింది. అంటే మంట ఎక్కడ పుట్టిందో చూపిస్తే సరిపోదు, వాళ్లు చేయాల్సిన పని చేయలేదని చూపించాలి. ఆ రోజు టోటల్ ఫైర్ బ్యాన్, అంటే ఆరుబయట నిప్పు పెట్టకూడదన్న నిషేధం, ఉందా? ఇంజిన్ చుట్టూ పేరుకున్న ఆకులూ బెరడూ తీశారా? నీళ్లు దగ్గర పెట్టుకున్నారా? పని ఆపాక ఎవరైనా కాపలా ఉన్నారా?

మా దగ్గర 4 గంటలకు మిషన్ ఆపి అందరూ వెళ్లిపోయారు. 5 లోపే పొగ. పక్క రైతు ఫోన్‌లో ఊరికే తీసిన ఫొటోలో టైం పడింది, ఆ తోవలో మనిషన్నవాడు లేడని కూడా పడింది. కేసంతా దాని మీదే నడిచింది.

పెర్త్_పంతులు:
1961లో మా వైపు ఒక కథ జరిగింది. పొలంలో పొడవాటి రెడ్‌గమ్ చెట్టుకి పిడుగుపడి అంటుకుంది. రైతు చెట్టు కొట్టించాడు గానీ నీళ్లు పోయించలేదు, అదే కాలి ఆరిపోతుందిలే అని వదిలేశాడు. గాలి లేచి పక్క పొలాలు కాలాయి. గోల్డ్‌మన్, హార్‌గ్రేవ్ కేసు అంటారు, లండన్ ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది, అప్పట్లో ఇక్కడి కేసుల చివరి అప్పీలు అక్కడికే. రైతుదే బాధ్యత అన్నారు. పిడుగుని ఆయన పిలవలేదు కదా! కాబట్టి “నిప్పు మేం పెట్టలేదు” అని కంపెనీ అంటే అక్కడితో ఆగిపోకండి.

గట్టుమీద_గుడిసె:
మరి ఉత్తరం కంపెనీకా, కాంట్రాక్టర్‌కా?

వాగొడ్డు:
ఇద్దరికీ, ఒకే రోజు. ముందు మీ ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పండి. వాళ్లు మీకు కట్టి, తర్వాత మీ పేరు మీదే అవతలివాళ్ల దగ్గర వసూలు చేసుకుంటారు. అందుకే వాళ్లని అడక్కుండా దేనిమీదా సంతకం వద్దు. మా పొరుగాయన గడ్డి డబ్బులకని కాగితం మీద సంతకం పెట్టాడు. అందులో “పూర్తి పరిష్కారం” అని ఉంది. కంచె మాట ఎత్తే వీలు లేకుండా పోయింది.

ఖమ్మం_కాన్‌బెర్రా:
మా ఊళ్లో జామాయిల్ తోట అంటుకుంటే పెద్దమనుషులు రాత్రికి రాత్రే తేల్చేవాళ్లు, న్యాయమో కాదో వేరే సంగతి. ఇక్కడ ఆస్తి నష్టం దావాకి మామూలుగా ఆరేళ్ల గడువు, మీకూ అంతే. ఆ ధీమాలో ఉండకండి, సాక్ష్యంగా పనికొచ్చే ఆ మిషన్‌ని వారంలో లారీ ఎక్కించేస్తారు. కంచెకి బ్లేజ్‌ఎయిడ్ వాళ్లని అడగండి, 2009 మంటల తర్వాత కిల్‌మోర్ ఈస్ట్‌లో మొదలైన వలంటీర్లు. వాళ్లు వచ్చేలోపే కాలిన కర్రలన్నీ ఫొటో తీయండి.

గట్టుమీద_గుడిసె:
తీశాను. 212 కర్రలు. సగం ముట్టుకుంటే బూడిదయ్యాయి, మా అమ్మాయి ఫోన్ పట్టుకుంటే నేను లెక్కపెట్టాను. ఆవుల్ని పక్కాయన కట్టేసుకున్నారు.