నోయిర్ ఫొటో కామిక్: ఫోన్‌లో మొహాలు కనబడట్లేదంటున్నారు, ఏం చేయాలి?

నోయిర్ (చిక్కటి నీడలుండే పాత క్రైమ్ సినిమాల శైలి)లో నలుపు తెలుపు తెలుగు ఫొటో కామిక్ (గీసిన బొమ్మల బదులు ఫొటోలతో చెప్పే కథ), మొదటి భాగం 24 పేజీలు ఆన్‌లైన్‌లో పెట్టాం. పాఠకుల ఫిర్యాదులు ముఖ్యంగా రెండు. "ఎవరు ముందు మాట్లాడారో తెలీలేదు" అన్నదానికి మందు ఉంది: ముందు మాట్లాడే మనిషిని ఎడమవైపు నిలబెట్టి, అతని మాటల బుడగ పైన పెట్టాలి. ఇది షూటింగ్‌లోనే చూసుకోవాలి. తర్వాత ఫొటోను అద్దంలోలా తిప్పితే దుకాణాల బోర్డులు తిరగబడతాయి.

అసలు చిక్కు "మొహమే కనబడట్లేదు" అన్నది. పక్క నుంచి ఒకటే లైటు. బ్రైట్‌నెస్ తగ్గించిన ఫోన్‌లో 0–15 మధ్య టోన్లన్నీ (0 పూర్తి నలుపు, 255 పూర్తి తెలుపు) ఒకే నల్లముద్ద. ఫొటో ఎడిటర్ లెవెల్స్‌లో అవుట్‌పుట్ నలుపుని (ఫొటోలో అతి ముదురు టోన్ని) 18కి ఎత్తితే కళ్ళు తేలుతున్నాయి కానీ ఫ్రేమంతా బూడిద పూసినట్టయి నోయిర్ చచ్చిపోతోంది. జేపెగ్ క్వాలిటీ బాగా దించితే గోడ మీద నీడ చారలుగా విరుగుతోంది. కాస్త గ్రెయిన్ (ఫిల్ము మీదుండే సన్నటి చుక్కల్లాంటిది) వేస్తే అది దాగుతుంది, ఫైల్ సైజు మాత్రం పెరుగుతుంది.

అనుభవమున్నవాళ్ళు చెప్పండి. నీడవైపు కాస్త వెలుగు తిరిగి పడేలా తెల్ల థర్మోకోల్ షీటు పెడితే వెలుగు, నీడల తేడా ఎన్ని స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు) ఉంచాలి? మూడు సరిపోతుందా? ఇప్పటికే షూట్ చేసేసిన పేజీల్లో కళ్ళూ దవడా వరకే మాస్క్ వేసి (మిగతా భాగం మారకుండా కప్పి) డాడ్జ్ చేస్తే (వెలుగు పెంచితే) అతుకు తెలుస్తుందా?

ఇంకోటి, నల్ల పెట్టెలో తెల్ల అక్షరాలు. లైన్లు దగ్గరైతే వత్తులు కింది వరుస గుడులకు తగులుతున్నాయి. ఎడం 150 శాతం చేస్తే పెట్టె సగం ఫొటోని మింగేస్తోంది. మండలి ఫాంట్ వాడుతున్నాం. వత్తులు ఇంకా పొట్టిగా ఉండే యూనికోడ్ ఫాంట్ ఏదైనా ఉందా?